ముప్పై ఏడు డిగ్రీలు

తెల్లారేసరికి పెళ్లి వీడియో ఇవ్వాలి. కోదాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తుంటే, వీరేందర్ దాన్ని మామూలు కంటే వేగంగా నడిపేలా ఓవర్‌క్లాక్ చేయడానికి కూర్చున్నాడు. వేగం పెంచాడు. ఫ్యాన్లు హోరెత్తాయి. ఎనభై దాటాల్సిన కార్డు వేడి మాత్రం తెర మీద ముప్పై ఏడు డిగ్రీల దగ్గరే నిలిచిపోయింది.

ఇంకా పెంచాడు. ముప్పై ఎనిమిది. మరింత పెంచాడు. ముప్పై తొమ్మిదిన్నర.

పక్క గదిలోంచి భార్య శోభ కేకేసింది. "జర ఇటు రా! పాప ఒళ్లు కాలిపోతున్నది."

కంగారులో వేగం తగ్గించి లేచాడు. అంకె ముప్పై ఏడుకు దిగింది.

"ఆగాగు, సల్లబడ్డది. గిదేం జరమో!" అంది శోభ అక్కణ్నుంచే.

వీరేందర్ మళ్లీ కూర్చున్నాడు. ముప్పై ఏడంటే మనిషి ఒంటి మామూలు వేడి. నమ్మలేక, ఒక్క మెట్టు పెంచాడు. పాప మూలిగింది. దించాడు. మూలుగు ఆగింది.

"పొద్దుగాల సూస్కోవచ్చు. ఇగ అది బంద్ జేసి పండుకో," అంది శోభ.

ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆపితే ఆ అంకె ఎంతదాకా దిగుతుంది?

అంతలో కరెంటు పోయింది. దూరంగా రైస్‌మిల్లు చప్పుడు కూడా ఆగిపోయింది. చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది. బల్ల కింద యూపీఎస్ కుయ్‌మంటోంది. దాని పాత బ్యాటరీ పది నిమిషాలకు మించి నిలవదు.