మాల్దీవుల బడి

“మాల్దీవులా? ఇంగ్లీషు చెప్పనీకా? నువ్వా?”

భూషణ్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. శుక్రవారం సెలవు కాబట్టి కింద షెడ్డులో మరమగ్గాల సాంచాలు ఆగి ఉన్నాయి. లేకపోతే ఆ అరుపు పక్కగదికి కూడా వినపడేది కాదు. ఇప్పుడు పద్మనగర్ గల్లీ అంతా వినపడింది. పక్కగదిలో ట్యూషన్ పిల్లలకు స్పెల్లింగులు చెబుతున్న అతని భార్య పూనం గొంతు టక్కున ఆగిపోయింది.

“నేనే. ఇన్నేండ్లు బడిల చెప్పింది గదే గదరా,” అంది తల్లి సత్తెమ్మ, పప్పులో రాళ్లు ఏరుతూ. “మాతోటి పనిచేసిన సార్ ఒకాయన అక్కడున్నడు. పొద్దుగాల ఫోన్ చేసిండు. టీచర్లు నడుమనే పోయిండ్రట, పిల్లలు ఉత్తగనే కూసుంటున్నరట. ఏడాదికి వస్తవా అన్నడు. వస్త అన్న.”

“నన్ను అడగకుంటనే?”

“అడిగితె వద్దంటవు గద.”

“మొన్ననే గదమ్మా రిటైరైనవు! ఇంట్ల నిమ్మలంగ ఉండక...”

“నిమ్మలంగనే ఉన్నరా. గదే బాధ. నాకు బడికి పోవుడు బందైనకాణ్ణుంచి నన్ను టీచర్ అని పిలిచినోళ్లు లేరు. కూరగాయలామె గూడ ఆంటీ అంటుంది.”

భూషణ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. “లోకం ఏమంటదో ఎరికేనా? కొడుకు తల్లిని ఎల్లగొట్టిండంటరు. కోడలు పోరు పెట్టిందంటరు.” ఆ మాటతో అతనికే అనుమానం వచ్చింది. “పూనం! అమ్మను నువ్వేమన్న అన్నవా?”

పూనం గడపలోకి వచ్చి నిలబడింది. కళ్ల నిండా నీళ్లు. ఏదో చెప్పబోయి, అత్త వైపు చూసి తల దించుకుంది. భూషణ్‌కు ఇంకేం కావాలి?

“పెద్దబాపును తీసుకస్త. ఆయననే తేల్చనీ,” అంటూ దడదడా మెట్లు దిగిపోయాడు.

తండ్రి లేని ఆ ఇంటికి కామత్‌ఘర్‌లో ఉండే పెదనాన్న కనకయ్యే పెద్దదిక్కు. సంగతి వినగానే రుమాలు చుట్టుకుని బండెక్కాడు. దారి పొడుగునా ఒకటే మాట. “గీ వయసుల గుడికి పోవాలె గని బడికి పోవుడేందిరా? మీ అమ్మకు ఎవలో మందు పెట్టిండ్రు.”

ఇంటి మెట్లెక్కుతూ ఇద్దరూ సగంలో ఆగారు. పైనుంచి ఇంగ్లీషు వినిపిస్తోంది. గొంతు సత్తెమ్మదే. కానీ అది ఇంట్లో వినే గొంతు కాదు.

పచ్చడి జాడీకి ఆనించిన ఫోన్ ముందు ఆమె నిలబడి ఉంది. తెరమీద, పొద్దున ఫోన్ చేసిన సార్ సెలవైనా కూర్చోబెట్టిన నలుగురైదుగురు మాల్దీవుల పిల్లలు. పొద్దున ఏం తిన్నారని ఒక్కొక్కరినే అడుగుతోంది. “ఫిష్,” అన్నాడొకడు. అలా ఒక్క మాటతో సరిపెట్టకూడదని, పూర్తి వాక్యం చెప్పమంది. వాడు చేప తనను తిన్నట్టుగా చెప్పాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. సత్తెమ్మ వాళ్లకంటే ఎక్కువ నవ్వింది. “టీచర్! టీచర్!” అని ఫోన్‌లోంచి ఒకటే కేకలు.

భూషణ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అమ్మ ఇలా నవ్వి ఎన్నాళ్లయింది? నవ్వలేదో, కింది మోతలో తనకే వినపడలేదో.

పాఠం అయిపోయింది. కనకయ్య మంచం మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

“ఏంది సత్తెమ్మా, కొడుకు బువ్వ పెడ్తలేడా?”

“బువ్వకేం తక్కువ లేదు బావా.”

“మరి గీ దేశాలు వట్టుడేంది? పోవద్దు. అంతే!”

“పోనియ్యి పెద్దబాపూ,” అన్నాడు భూషణ్.

కనకయ్య దిమ్మెరపోయాడు. “ఓరి నీ! నన్ను గిందుకేనా బండి మీద ఎక్కిచ్చుకచ్చినవ్?”

“అప్పుడు నాకు సమజ్ కాలె. ఇప్పుడైంది. గంత చదువు సాంచాల సప్పుడుల మునిగిపోవాల్నా? ఏడాదే గద! ఇట్ల అనంగ అట్ల అయిపోతది.”

“లోకమో?”

“ఖాలీపీలీ లోకం మాటలు మనకెందుకు?”

“గిప్పుడు గిట్లనే అంటవు. రేపు ఎవలో ఓ మాటంటె మళ్ల నా దగ్గరికి ఉరికొస్తవు. మాట మీద ఉంటవా?”

“ఉంట పెద్దబాపూ. నా ఇంట్ల చదువుకున్న ఆడోళ్లు పోయి నాలుగు అక్షరాలు చెప్పొస్తమంటె నేను అడ్డం పడ. ఎవలన్న ఏమన్నంటె నేనే జవాబిస్త. ఇల్లంటవా, నేను చూసుకుంట.”

సత్తెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేనల్లుడి పెళ్లిలో కూడా నవ్వని కనకయ్య చిన్నగా నవ్వి, “సరే తియ్యి. అక్కడ చేపలు మంచిగుంటయట, నాకు యాదికుంచుకో,” అన్నాడు. భూషణ్ గుండె దూదిపింజలా తేలికైంది. ఇంత పెద్ద మనసు తనకు ఉందని అతనికే ఇవాళ తెలిసింది. తలుపు పక్కన నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

“పూనం, ఇందాక ఉత్తగనే నిన్ను అనుమానపడ్డ. మనసుల పెట్టుకోకు.”

పూనం అత్త వైపు చూసింది. సత్తెమ్మ కానీయమన్నట్టు తల ఊపింది.

“ఆయన మాటకు మీరే సాక్షి మామా,” అంది పూనం. “ఆ బడిల ఖాళీలు రెండు. రెండోది నాకిచ్చిండ్రు.”