పీక నానిన టీ

"అయ్యో, తాగకండి సార్!" అని చిగుసా అరిచేలోపే, ఆమె వాద్యం విని రికార్డు చేయాలో వద్దో తేల్చడానికి వచ్చిన హట్టోరి కప్పు ఖాళీ చేసేశాడు.

పొద్దుటి నుంచీ చిగుసా తన హిచిరికి అనే జపాను సన్నాయి పీకను నానబెట్టిన టీ అది. తొలి రికార్డు చేజారినట్టే.

హట్టోరి లొట్టలేశాడు. "అచ్చం మా తాతయ్య టీ! దొంగచాటుగా తాగితే చెవి మెలిపెట్టేవాడు. వట్టి పిసినారి!"

"ఆయనా సన్నాయి వాయించేవారా?"

"నీకెలా తెలుసమ్మా?"

చిగుసా తడి పీకను పైకెత్తి చూపింది.

హట్టోరి పీకను చూశాడు, కప్పును చూశాడు. "అంటే ఇన్నాళ్లూ నేను మురిసిపోయింది తాతయ్య ఎంగిలికా! పాపం, పిసినారి కాదన్నమాట."

కప్పును మెల్లగా ఆమె ముందుకు జరిపాడు.

"రికార్డింగ్ రేపే. ఈలోపు ఆ పీకను ఇంకోసారి నానబెట్టు తల్లీ."