డేగపుంజు ఫొటో

“ఎడమ కాలే నాయక్. మంచిగ సూడు” అంటూ జమ్లి ఫోను రామ్‌సింగ్ ముఖం దగ్గర పెట్టింది.

తండా పెద్ద రామ్‌సింగ్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఫొటోలో జమ్లి ఒడిలో ఎర్రటి డేగపుంజు ఉంది. ఎడమ కాలి చివరి వేలికి కొస లేదు.

“అవ్, ఎడమదే” అన్నాడు.

చుట్టూ చేరిన ఆడవాళ్లంతా భారతమ్మ వంక చూశారు. భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తండాలో అందరి కోళ్లూ కలిసే తిరుగుతాయి. అందుకే పిల్లలుగా ఉన్నప్పుడే వేలి కొస కత్తిరించి గుర్తు పెట్టుకుంటారు, ఒక్కో ఇంటికి ఒక్కో వేలు. జమ్లి ఇంటిది ఎడమ కాలి చివరి వేలు, పక్కింటి భారతమ్మది కుడి కాలిది. తాతల నాటి నుంచి ఆ గుర్తు మీద ఎన్నడూ మాట రాలేదు. పైగా ఈ ఇద్దరి పుంజులూ ఒక తల్లి పిల్లలే. తన పెట్ట పొదిగిన వాటిలో ఒకదాన్ని భారతమ్మే తెచ్చి జమ్లికిచ్చింది. రంగూ తోకా కూతా అన్నీ ఒకటే. తేడా అల్లా ఆ వేలొక్కటే.

“వదినె, మంగళారం సీత్లా భవానికి నేను కోసింది నా పుంజునే” అంది భారతమ్మ. “నా దూడ బతికితే ఇస్తనని మొక్కిన. దూడ బతికింది, ఇచ్చిన.”

“మరి గీ ఫొటో ఏంది? సోమారం నీ వాకిట్ల, నీ ముంగటనే తీసిన గద!”

“నాకేం తెల్వది. నా పుంజే.”

“ఆదారం అడివంచున ఎర్ర ఈకలు పడున్నయని అందరు సూసిండ్రు. నీ పుంజును జంగపిల్లి ఎత్కపోయింది. మొక్కు తప్పొద్దని నాదాన్ని పట్కపోయినవ్. నేను మధిర పెండ్లికి పోయిన్నాడే!”



నిజానికి ఆ ఫొటో తీయమని అడిగింది భారతమ్మే. సత్తుపల్లిలో ఉద్యోగం చేసే కోడలు సువర్ణ పాత ఫోను ఇచ్చిన దగ్గర్నుంచి జమ్లికి అదొక పిచ్చి. బర్రెలు, మేకలు, గిన్నెకోళ్లు, పొదుగు మీద పెట్టలు, ఏది కనపడితే అది తీసేది. “మనుషులను తియ్యవా జమ్లక్కా?” అని ఎవరైనా అడిగితే, “మనుషులు కట్టె లెక్క బిగుసుకుంటరు. కోడికి సిగ్గు లేదు” అనేది.

ఆ సోమవారం, పెళ్లి నుంచి వచ్చీ రాగానే భారతమ్మ పిలిచింది.

“రేపు అమ్మోరికాడికి పోతది. ఒక్క ఫొటో తియ్యి వదినె.”

పుంజు నిలిస్తేనా! చివరికి జమ్లి దాన్ని ఒడిలో పెట్టుకుంది.

“నీ మొఖం గూడ రానీ” అంది భారతమ్మ.

“సువర్ణ నేర్పింది, ఆగు. గీడ ఒత్తితే మనకు మనమే అవుపడ్తం.” ఫోనులో తన ముఖం చూసుకుని జమ్లి వెంట్రుకలు సవరించుకుంది. “అచ్చం అద్దం లెక్కనే ఉందే!”

పుంజు మెడ చాచి ఆమె ఎడమ ముక్కుకున్న పుడకను పొడవబోయింది. “నీ బంగారం మీద కన్నేసింది!” అని భారతమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే జమ్లి ఫొటో నొక్కింది.

పెళ్లి బడలికలో ఆ రాత్రి గూడు చూసుకోలేదు; తన పుంజు లేదని తెలిసింది మంగళవారం సాయంత్రం. బుధవారం ఫొటోలు తిప్పుతుంటే ఆ వేలు కనపడింది.

“దొంగ కోడితోని మొక్కు తీరదు” అని రామ్‌సింగ్ తీర్పు చెప్పాడు. “అమ్మోరికి మల్ల ఇయ్యాలె. జమ్లికొక కోడి ఇయ్యాలె.”

భారతమ్మ వాదించలేదు. ఇంటికి పోయి, ఆ రెండు పుంజులను కన్న పెట్టనే చంకన పెట్టుకొచ్చింది. జమ్లి వాకిట్లో గంప కింద మూసింది.

“దీన్ది కుడి కాలు వదినె. నీ గుర్తు గూడ పెట్టుకో. మల్ల నాదని పంచాయితీ రావద్దు.”

ఆ మాట జమ్లికి ముల్లులా దిగింది. మర్నాడు పంపు దగ్గర ఆడవాళ్లు భారతమ్మను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. “పెట్టలు లోపలేసుకోండ్రే, భారతమ్మ వస్తాంది” అని ఎవరో అన్నారు. భారతమ్మ ఖాళీ బిందెతోనే వెనక్కి పోయింది. చూస్తూ నిలబడ్డ జమ్లికి తలెత్త బుద్ధి కాలేదు. ఇరవై ఏళ్ల స్నేహం. పుంజు పోతే పోయె, నలుగురిలో నిలబెట్టకుండా ఉండాల్సింది. అయినా ఫొటో అబద్ధమాడదు గదా అని తనకు తానే చెప్పుకుంది.

ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. గంప కింద పెట్ట గింజ ముట్టలేదు. ఇక ఆ ఫొటో తన కంట పడొద్దు, తుడిచేద్దామని ఫోను తెరిచింది. ఇంతవరకూ పుంజు కాలు తప్ప వేరేది చూడలేదు. ఇప్పుడు పైకి చూసింది. తన నవ్వు ముఖం, పుడక మీదికి మెడ చాచిన పుంజు. 

జమ్లి చేయి మెల్లగా తన ఎడమ ముక్కు మీదికి పోయింది. పుడక అక్కడే ఉంది.

ఫొటోలో అది కుడి ముక్కుకు ఉంది.