ఏరే పని

టక్కుమని చప్పుడైంది.

రోడ్డు మీద ఈడుస్తున్న తాడు చివరి అయస్కాంతానికి ఇంకో మేకు అతుక్కుంది. ముసలాయన దాన్ని ఊడదీసి డబ్బాలో వేశాడు.

మలుపు పక్కన పంచర్ షాపతను గుర్రుగా చూస్తున్నాడు. అది పొద్దున్నే తను చల్లిన మేకు.

“ఏం తాతా, అయస్కాంతాన్ని మేపుతున్నావా?”

“అవును బాబూ. ఇక్కడ మేత బాగా దొరుకుతోంది.”

షాపులో ట్యూబు నీళ్ళలో ముంచుతున్న అతని బావమరిది పకపకా నవ్వాడు. షాపతనికి ఒళ్ళు మండింది.

“ఎవరు పెట్టారు నీకీ పని?”

“దేవుడు.”

“కనబడి చెప్పాడా?”

“ఆయన కనబడలేదు. పని కనబడింది.”

“మేకులు నేనే చల్లుతున్నానని అనుమానమా?”

“అనుమానం లేదు. తెలుసు.”

“అయితే పోయి పోలీసులకు చెప్పుకో!”

“నాకు అప్పగించింది ఏరే పని. నువ్వు చల్లుతూ ఉండు. నేను ఏరుతూ ఉంటా.”

మర్నాడు షాపతను తాడు కోసేశాడు. ముసలాయన ముడేసుకున్నాడు.

షాపతను అయస్కాంతాన్ని మురిక్కాలవలోకి విసిరాడు. ముసలాయన దిగి వెతుక్కుని, మోకాళ్ళదాకా బురదతో పైకొచ్చాడు.

“సిగ్గు లేదూ?”

“ఉంది. పని అయ్యాక పడతా.”

ఇక ఇలా కాదని షాపతను సీసాలు పగలగొట్టి పెంకులు చల్లాడు.

“ఇప్పుడు లాగు నీ అయస్కాంతం!”

ముసలాయన అయస్కాంతం పక్కన పెట్టాడు. వంగి, చేత్తో ఏరడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం షాపతని భార్యకు నొప్పులొచ్చాయి. ఆమెను ఆటో ఎక్కించాక అతనికి గుర్తొచ్చింది. ఆస్పత్రికి ఆ మలుపు మీదుగానే పోవాలి. పెంకులు చల్లి వచ్చింది ఇందాకే.

“ఆపు! ఆపు!” అని అరిచాడు.

మలుపులో ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతికి గుడ్డ కట్టు. గుడ్డంతా నెత్తురు.

“ఆపకు, పోనీ! ఒక్క పెంకు లేదు!”

ఆటో పోయింది. ఆడపిల్ల పుట్టింది. తల్లి క్షేమం.

తల్లీబిడ్డల్ని ఇంటికి పంపే రోజు షాపతను కొత్త తాడు పట్టుకుని బయల్దేరాడు. మలుపులో ముసలాయన లేడు. ఆస్పత్రి వరండాలో, బెంచీ కింద అయస్కాంతం కనబడింది.

“ఇదెక్కడిది?” అని పాపను ఎత్తుకొచ్చిన ఆయాను అడిగాడు.

“మలుపు తాతది. చేతికి చీము పట్టి వచ్చాడు. విషం ఒళ్ళంతా పాకింది. ప్రాణం పోతున్నా ఒకటే మాట, రేపు ఎవరు ఏరతారూ అని. నిన్న పోయాడు.”

షాపతను కొత్త తాడు అయస్కాంతానికి ముడేశాడు. ముడి పడటానికి చాలాసేపు పట్టింది.

“ఆయన తాలూకు వాళ్ళు?”

ఆయా పసిపాపకు దుప్పటి సర్దుతూ అంది.

“ఎవరున్నారు బాబూ? ఒక్కగానొక్క కూతురు, పురిటికి ఇక్కడికే తెస్తుంటే ఆ మలుపులో మేకు దిగి ఆటో ఆగిపోయింది.”