ఈత వచ్చిన అమ్మాయి

పేపర్లో ఫొటో వచ్చింది. అందులో ర్యాంకు మోచెయ్యి మాత్రమే పడింది.

నడుం లోతు నీళ్లలో, అంకెలు వేసిన పొడుగాటి కర్ర పట్టుకుని, అలల మధ్య నవ్వుతూ నిలబడింది మాత్రం కొత్తమ్మాయి. ఒడ్డున దుర్భిణికి కన్ను ఆనించి, కర్ర మీది అంకెలు చూసి, తీరం ఎంత మేర కోసుకుపోయిందో లెక్క కట్టేది తను. లెక్కలు కట్టేవాళ్లకి ఫొటోలెవరు తీస్తారు?

"మోచెయ్యి అయితేనేం, భలే పడిందే!" అంది హాస్టల్లో పక్క గది అమ్మాయి.

"నీ మొహం!" అంది ర్యాంకు.

ఎప్పుడూ ఫస్టు ర్యాంకే కాబట్టి క్లాసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. సముద్రం గురించి చదవాలని చిన్నప్పటి నుంచీ పట్టుబట్టి, ఇంట్లో అందరితో పోట్లాడి మరీ ఈ కోర్సులో చేరింది. కొత్తమ్మాయేమో క్లాసులు మొదలయ్యాక ఎప్పటికో వచ్చి చేరింది. ఎవరి పిల్లో ఎవరికీ తెలియదు. ఫీల్డ్ వర్కుకి ఇద్దరిద్దరిని జత చేసినప్పుడు, కొత్తది కాబట్టి ఆమే, నోరు మంచిది కాదు కాబట్టి ర్యాంకూ మిగిలిపోయారు.

ఇప్పుడు క్యాంటీన్లో ఎవరి నోట విన్నా కొత్తమ్మాయి మాటే.

"అక్కా, అంత పెద్ద అలల్లో భయమెయ్యదా?" అని జూనియర్లు చుట్టూ మూగుతున్నారు.

ర్యాంకు తింటున్న ప్లేటు పక్కకి తోసేసి లేచింది. నేరుగా ప్రొఫెసర్ గదికి వెళ్లింది.

"సార్, ఇకమీదట నీళ్లలోకి నేను దిగుతాను. తనని ఒడ్డున ఉండమనండి."

"నీకు ఈత వచ్చా?"

"రాదు సార్."

"మరి? జతలో ఒక్కరికైనా ఈత రాకపోతే ఆ ఇద్దరికీ సముద్రం లేదమ్మా. లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు తిరగెయ్యడమే. ఆ అమ్మాయి వచ్చని చెప్పబట్టి నువ్వు ఒడ్డున అయినా నిలబడుతున్నావు. సంతోషించు."

సంతోషించాలట! ఆ ముక్కతో ర్యాంకుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు నడుముకి తాడు కట్టుకుంటూ కొత్తమ్మాయి అడిగింది.

"నా మీద కోపమా?"

"నాకెందుకమ్మా కోపం? హీరోయిన్లతో మాకేం పని?"

"నీ పేరు కూడా రాయమని చెప్పాను. పేపరువాళ్లు వెయ్యలేదు."

"చెప్పావులే."

"తాడు మాత్రం గట్టిగా పట్టుకో, సరేనా?"

"అంత ఈత వచ్చినదానికి తాడెందుకో!"

కొత్తమ్మాయి ఏదో అనబోయింది. అంతలోనే నవ్వేసి, కర్ర తీసుకుని నీళ్లలోకి వెళ్లిపోయింది.

తాడు రెండో కొసని ఒడ్డునున్నవాళ్లు మణికట్టుకి చుట్టుకోవాలి. అది రూలు. ర్యాంకు దాన్ని విసురుగా దుర్భిణి స్టాండు కాలికి ముడేసింది. దీని కోసం నా చెయ్యి ఒరుసుకుపోవాలా అనుకుంది.

కాసేపటికి పెద్ద అల ఒకటి లేచింది. కొత్తమ్మాయి అందులో మునిగిపోయింది. తాడు బిగుసుకుంది. దాంతోపాటు స్టాండూ, దాని మీది దుర్భిణీ ఎగిరి రాళ్ల మీద పడ్డాయి. అద్దం భళ్లున పగిలింది.

ముక్కులోంచి, నోట్లోంచి ఉప్పునీళ్లు కక్కుకుంటూ కొత్తమ్మాయి ఎలాగో పాక్కుంటూ ఒడ్డున పడింది. ర్యాంకు అటు చూడనైనా లేదు. పగిలిన అద్దం ముక్కలు ఏరుతోంది.

ప్రొఫెసర్ దూరం నుంచి పరుగున రావడం చూసి ర్యాంకు స్టాండు కాలికున్న ముడి విప్పేసింది.

"ఎవరిదీ నిర్వాకం?"

ర్యాంకు ఏరిన ముక్కలు కింద పడేసి లేచింది. తన తప్పని తేలితే ఈ సముద్రం తనకి ఇక లేనట్టే.

"తనే సార్. వద్దంటున్నా వినకుండా లోపలికి పోయింది. తాడు పట్టి ఒక్క లాగు లాగితే అది స్టాండుకి తగులుకుంది."

"నిజమేనా?"

కొత్తమ్మాయి దగ్గు ఆపుకుంటూ ర్యాంకు వంక చూసింది.

"నిజమే సార్."

ఆ పూటే ఆమెని ఫీల్డ్ వర్కు నుంచి తీసేశారు. వారం తిరక్కుండానే టీసీ తీసుకుని వెళ్లిపోయింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పీడా విరగడైందని ర్యాంకు ఆ రోజు కడుపు నిండా తిని, హాయిగా నిద్రపోయింది.

ఆ హాయి ఎన్నాళ్లో నిలవలేదు.

"మీ ఇద్దరిలో ఈత వచ్చింది ఆ అమ్మాయికే కదా," అన్నాడు ప్రొఫెసర్. "నువ్వు నేర్చుకున్నా సరే, లైబ్రరీలో కూర్చున్నా సరే. నీ ఇష్టం."

వెళ్లిపోయి కూడా నన్ను సాధిస్తోందే అని పళ్లు నూరుకుంటూ ర్యాంకు ఈతకొలనుకి వెళ్లింది.

అక్కడ ఆడపిల్లలకి ఈత నేర్పే ఆవిడ ర్యాంకు ఐడీ కార్డు చూసి ముచ్చటపడింది.

"సముద్రం చదువా? మీ క్లాసు పిల్ల ఒకతి రోజూ వచ్చేదమ్మా ఇక్కడికి. ఎందుకో మానేసింది."

ఎవరో ర్యాంకుకి వెంటనే తెలిసిపోయింది. ఇక్కడ కూడా ఆమె గొప్పలేనా అనిపించింది.

"ఆవిడగారికేమండీ, చేపలా ఈదుతుంది. పోటీలకి తయారవుతోందేమో!"

ఆవిడ పకపకా నవ్వింది.

"ఈదడమా? దానికి నీళ్లంటే ప్రాణభయం తల్లీ! ఇన్నాళ్లు నేర్పితే గట్టు వదిలిన పాపాన పోలేదు."



"ఇంత భయమున్నదానివి సముద్రంలోకి ఎందుకు దిగుతున్నావే, ఈత రాదని చెప్పెయ్యరాదూ అని తిట్టాను కూడా," అంది ఆవిడ రిజిస్టర్లో ర్యాంకు పేరు ఎక్కిస్తూ. "'అలా చెబితే నా జతమ్మాయిని కూడా సముద్రం దగ్గరికి రానివ్వరు మేడం, పాపం తను చిన్నప్పటి నుంచీ దానికోసమే చదువుతోంది' అనేది."