ముగ్గురు పట్టే గూడు

గూడు ఎంత ఇరుకైతే అంత వెచ్చన. ఆ సంగతి కోడలికి తెలుసు. అయినా ముగ్గురు పట్టేలా కడుతోంది.

మధ్యాహ్నం కొండ మలుపులో జీపు జారింది. నడుపుతున్నది ఆమె భర్త. వెనక సీట్లో అత్త. ముగ్గురినీ అడవిలోకి విసిరేసి, జీపు దొర్లుకుంటూ పోయి వాగులో పడింది. అత్తకు కాలు విరిగింది. భర్తకు తలమీద దెబ్బ తగిలింది. ఫోన్లు పనిచేయడం లేదు. తెల్లారేదాకా ఎవరూ రారు. చలి మాత్రం వస్తుంది.

పొడవాటి కొమ్మను చెట్టు పంగలో ఆనించింది. దానికి రెండు వైపులా పుల్లలు వాల్చింది. మీద ఆకు కప్పుతోంది. వేళ్ళు తిమ్మిరెక్కి, ఎవరివో చేతులు పనిచేస్తున్నట్టుంది.

చెట్టుకు చేరగిలబడి అత్త చూస్తోంది.

"పైనుంచి కప్పుతావేంటే? చినుకు పడితే నీళ్ళన్నీ మన నెత్తినే. కిందనుంచి కప్పుకురా."

"అలాగే అత్తయ్యా."

"అలాగే అంటావు, నీకు తోచిందే చేస్తావు. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఇదే వరస."

కోడలు ఆకంతా లాగేసి, కిందనుంచి మొదలుపెట్టింది.

"వాడేం చేస్తున్నాడు?"

భర్త కాస్త అవతల, బండ చాటున ఉన్నాడు. తన శాలువా అతనికి నిండా కప్పి వచ్చింది. అటు తల తిప్పలేదు.

"పడుకున్నారు. లేపొద్దు."

"వాడిది మొద్దునిద్ర. చిన్నప్పుడు మంచంతో సహా ఎత్తి వాకిట్లో పెట్టినా లేచేవాడు కాదు."

కోడలు నవ్వబోయింది. మొహం కదల్లేదు.

లోపల ఎండాకులు మోకాటి మందాన పరిచింది. నేల చలి గాలికన్నా చెడ్డది. అత్తను చంకల కింద పట్టి లోపలికి లాగింది. అత్త పళ్ళు బిగబట్టింది గానీ అరవలేదు.

ఇక వాకిలి మిగిలింది. అడ్డం పెట్టడానికి ఏమీ దొరకలేదు. గాలి తిన్నగా అటునుంచే కొడుతోంది. అత్త వణుకు మొదలైంది. ఇలాగే ఉంటే ఆవిడకు తెల్లారదు.

"ఆయన్ని మనిద్దరి మధ్యలో పడుకోబెడతాను అత్తయ్యా," అంది కోడలు. గొంతు తొణకలేదు.

అత్త ఆమె చేతులు రెండూ తన గుప్పిట్లోకి తీసుకుని కాసేపు రుద్దింది.

"వాకిలికి అడ్డంగా పడుకోబెట్టి నువ్వు నా పక్కకి రావే తల్లీ, వాడికింక చలెయ్యదు."