సరా, బేసా

“కెర్నల్ రాసిందేమో వీడు. చీటీ తీసేదేమో వీడి కెర్నల్. ఇగ బొంబాయి ఎవరు పోతరో నాకు తెల్వదా సార్?”

భాస్కర్ అరుపుకు, కంప్యూటర్ సెంటర్ బయట చెప్పులు విప్పుతున్న విద్యార్థులు అక్కడే ఆగిపోయారు.

కాలేజీకి వచ్చింది ఒక్కటే సీటు. బొంబాయిలో ఆర్నెల్ల శిక్షణ. తిరిగొచ్చినవాడే సెంటర్‌కు ఇన్‌చార్జి. అర్హులైన లెక్చరర్లు ఇద్దరు: భాస్కర్, సారంగపాణి. ఆ ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి తిట్లే తప్ప మాటల్లేవు. హెడ్ లక్ష్మీనారాయణ గారు విసిగిపోయి, సంగతి కంప్యూటరే తేల్చాలన్నారు. అది ఇచ్చే అంకె సరి అయితే ఒకరు, బేసి అయితే ఇంకొకరు.

“ఇంతకూ అంకె ఎట్ల తీస్తదయ్యా అది?” అడిగారు హెడ్.

“మిషన్‌ను లోపల్నుంచి నడిపేది కెర్నలే గద సార్. గడియారంల తేదీ, గంట తీస్కొని మొదటి అంకె చేస్తది. దాన్ని తిప్పి రెండోది, రెండోదాన్ని తిప్పి మూడోది. పొద్దుగాల్నుంచి పిల్లల ప్రోగ్రాములు ఎన్ని అంకెలు వాడినయో! ఇప్పుడేం వస్తదో నాకే తెల్వదు,” అన్నాడు సారంగపాణి.

“తెల్వదట! ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసుకుంట మీ నాయిన ఇవే నేర్పిండా?”

సారంగపాణి దవడలు బిగుసుకున్నాయి. “మా నాయిన పేరెత్తకు. నీకేది కావాల్నో కోరుకో. ముందు నువ్వే.”

“బేసి.”

సారంగపాణి ముఖం పాలిపోవడం భాస్కర్ కనిపెట్టాడు. వాడి చూపు గోడమీది మెయిన్ స్విచ్ దాకా పోయి, చటుక్కున వెనక్కి వచ్చింది.

“సార్, ఒక్క మాట. ఏం జేసినా స్విచ్ మాత్రం ఆపకుండ్రి. ఉన్నదున్నట్టే తీద్దాం.”

“ఎందుకో?” అన్నాడు భాస్కర్.

“ఊకెనే... మిషన్ ఖరాబైతది.”

“రోజు కరెంటు పోతే కాని ఖరాబు, ఇయ్యాలనే అయితదా? లోపల ఏదో పెట్టి వచ్చిండు సార్ వీడు. ఆపితే అదంత కొట్టుకపోతదని భయం!”

“జర ఇనుండ్రి సార్, మీకు దండం పెడుత.” సారంగపాణి నిజంగానే చేతులు జోడించాడు.

ఆ దండంతో హెడ్ గారి అనుమానం గట్టిపడింది. “ఆపు భాస్కర్.”

భాస్కర్ స్విచ్ దించాడు. మిషన్ హోరు ఆగింది. మళ్లీ వేశాడు. తెరమీద ఎప్పటిలాగే 1980 జనవరి ఒకటో తేదీ వెలిగింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చేతి గడియారం చూసి తేదీ, టైము కొట్టాల్సిందే.

“తేదీ పెట్టాలె,” అంటూ సారంగపాణి ముందుకు వంగాడు.

భాస్కర్ వాడి చెయ్యి విసిరికొట్టాడు. “కీబోర్డు ముట్టినవంటే మర్యాద దక్కది. తేదీ గీదీ ఏం వద్దు, ప్రోగ్రాం నేనే కొడుత.”

కొట్టాడు.

తెరమీద 38.

“నీ చేతులతోనే తీసినవ్,” అన్నాడు సారంగపాణి. బయటికి పోయి చెప్పులు తొడుక్కున్నాడు.

వాడు బొంబాయికి రైలెక్కిన మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. సెంటర్‌లో భాస్కర్ ఒక్కడే ఉన్నాడు. తెరమీద మళ్లీ ఆ పాత జనవరి. దాన్ని మార్చబుద్ధి కాలేదు. కసికొద్దీ అదే ప్రోగ్రాం నడిపాడు.

38.

స్విచ్ దించి వేశాడు. 38. మళ్లీ దించి వేశాడు. 38.

ప్రతిసారీ అదే తేదీ, అదే గంట, అందుకే అదే మొదటి అంకె. “మోసం!” అంటూ హెడ్ గారి గదివైపు ఉరికినవాడల్లా గుమ్మంలోనే ఆగిపోయాడు. పోయి ఏం చెప్పాలి? స్విచ్ దించింది తను. తేదీ పెట్టనియ్యనిది తను. మీట నొక్కింది తను. వద్దు వద్దని వాడు అందరి ముందూ దండం కూడా పెట్టాడు.

పెట్టింది మాత్రం, తను బేసి అన్నాకే.